కరిసల్ సీమలో మాటకు శిక్ష, మాటకు రక్షణ

మదురై నుంచి తిరునెల్వేలికి వెళ్లే రైలుదారిలో మొదట విరుదునగర్, తర్వాత కోవిల్‌పట్టి వస్తాయి. చుట్టూ ఉన్నది నల్లరేగడి నేల. అక్కడివారు దాన్ని కరిసల్ అంటారు. పత్తి, మిరప, అగ్గిపెట్టెలు, శివకాశి బాణసంచా, అచ్చు పని ఈ సీమకు అన్నం పెట్టాయి. ఎన్నో తరాల కిందట తెలుగు దేశం నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఈ రేగడిలోనే స్థిరపడి, బయట తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బతికాయి. ఈ చిన్న పరిధిలో పుట్టిన మనుషుల మీద, వాళ్లు మాట్లాడిన, రాసిన మాటల మీద నూరేళ్లకు పైగా కేసులు నడిచాయి. మాట ఎప్పుడు నేరమవుతుందన్న ప్రశ్నకు మన న్యాయస్థానాలు ఇచ్చిన జవాబు ఎలా మారుతూ వచ్చిందో ఆ కేసుల వరసలో కనిపిస్తుంది.

మొదటి పెద్ద కేసు 1908 నాటిది. కోవిల్‌పట్టికి దగ్గర్లోని ఒట్టపిడారంలో పుట్టిన వి.ఓ. చిదంబరం పిళ్లై వృత్తిరీత్యా ప్లీడరు. బ్రిటిష్ ఓడల కంపెనీకి పోటీగా 1906లో తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని పెట్టాడు. 1908 ఫిబ్రవరిలో తూత్తుకుడి కోరల్ మిల్లు కూలీలు సమ్మెకు దిగినప్పుడు ఆయనా, సుబ్రమణ్య శివ అనే యువ వక్తా రోజూ సభల్లో మాట్లాడారు. బిపిన్ చంద్రపాల్ జైలు నుంచి విడుదలైన సందర్భాన్ని మార్చిలో పండుగలా జరిపారు. మార్చి 12న ఇద్దరినీ అరెస్టు చేశారు. మరునాడు తిరునెల్వేలిలో జనం తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు.

విచారణలో ప్రధాన సాక్ష్యం సభల్లో మాట్లాడిన మాటలే. భారతీయ శిక్షాస్మృతిలోని 124ఎ సెక్షన్, అంటే రాజద్రోహం, 1870లో చేరింది. ప్రభుత్వం పట్ల ద్వేషం, ధిక్కారం, అవిధేయత రేపడం నేరమని 1898 సవరణ దాన్ని మరింత విస్తరించింది. మాట వల్ల అల్లరి జరిగిందా లేదా అన్నది ఆనాటి న్యాయమూర్తులకు ముఖ్యం కాదు. వినేవారి మనసులో ప్రభుత్వం మీద ప్రీతి తగ్గించాలని మాట్లాడినవాడు అనుకున్నాడా అన్నదే చూసేవారు. 1908 జూలై 7న తిరునెల్వేలి సెషన్స్ జడ్జి ఎ.ఎఫ్. పిన్హే తీర్పు చెప్పాడు. శివకు పదేళ్ల ద్వీపాంతరం. చిదంబరం పిళ్లైకి తన ప్రసంగాలకు ఒక యావజ్జీవ ద్వీపాంతరం, శివకు ఆశ్రయమిచ్చి ప్రోత్సహించినందుకు ఇంకో యావజ్జీవ ద్వీపాంతరం. ఉపన్యాసాలకు అంత శిక్ష పడటం ఆనాటి దేశాన్ని నివ్వెరపరిచింది. అప్పీలులో మద్రాసు హైకోర్టు శిక్షను ఆరేళ్లకు తగ్గించింది, నేరం మాత్రం నిలబడిందంది. శిక్ష తగ్గింది కదా అని ఆ తీర్పును ఉదారమైనదనడం సరికాదు. సభలో ప్రభుత్వాన్ని విమర్శించడం నేరమన్న సూత్రాన్ని హైకోర్టు ముట్టుకోలేదు.

ఆ వేడి తెలుగు జిల్లాలకూ పాకింది. తిరునెల్వేలి కాల్పులను ఖండిస్తూ బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసానికి సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు మీద అదే ఏడాది రాజద్రోహం కేసు పెట్టారు. ఆయన మూడేళ్లు వేలూరు జైల్లో కఠిన శిక్ష అనుభవించాడు. కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఎట్టయపురంలో పుట్టిన కవి సుబ్రమణ్య భారతి మద్రాసులో ‘ఇండియా’ పత్రికకు ప్రాణం. చట్టం లెక్కలో సంపాదకుడిగా నమోదైన మరొకరిని 1908లో అరెస్టు చేశారు. భారతి ఫ్రెంచివారి పుదుచ్చేరికి వెళ్లిపోయి ప్రవాసంలో బతికాడు. సభలో మాట మూగబోయిన మూడేళ్లకు, 1911 జూన్ 17న, మణియాచ్చి జంక్షన్లో వాంచినాథన్ అనే యువకుడు తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌ను పిస్తోలుతో కాల్చి చంపాడు. మాట్లాడనివ్వకపోవడం వల్ల ప్రభుత్వం కోరుకున్న శాంతి ఆ జిల్లాకు రాలేదు.

చిదంబరం పిళ్లై 1912 డిసెంబరులో విడుదలయ్యాడు. జైల్లో నూనె గానుగ లాగించారు. బయటికి వచ్చేసరికి ఓడల కంపెనీ లేదు, ప్లీడరు సన్నదు కూడా రద్దయింది. చాలా ఏళ్లు కటిక పేదరికంలో గడిచాయి. చివరికి ఇ.హెచ్. వాలెస్ అనే ఇంగ్లీషు న్యాయాధికారి పూనికతో సన్నదు తిరిగి దక్కింది. ఆ కృతజ్ఞతతో ఆయన తన కొడుక్కి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నాడు. 1920లలో ప్లీడరుగా మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎంచుకున్న ఊరు కోవిల్‌పట్టి. మాటకు జీవితఖైదు పడ్డ మనిషి ఆ ఊరి కోర్టులోనే ఇతరుల తరఫున వాదించి పొట్టపోసుకున్నాడు. 1986లో తిరునెల్వేలి జిల్లా నుంచి విడదీసిన కొత్త జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు తూత్తుకుడి జిల్లాగా పిలిచే ఆ జిల్లాలోనే కోవిల్‌పట్టి ఉంది.

విరుదునగర్ వైపు చెప్పుకోదగ్గ మనిషి కామరాజ్. 1933లో పోలీసు స్టేషన్ల మీద బాంబుల కుట్ర పన్నాడని ఆయనను విరుదునగర్ కుట్ర కేసులో ఇరికించారు. జార్జ్ జోసెఫ్, పి. వరదరాజులు నాయుడు పూనుకోవడంతో ఆ ఆరోపణ వీగిపోయింది. వరదరాజులు నాయుడికి మాట మీద వచ్చే కేసు కొత్త కాదు. 1918లో మదురైలో చేసిన ప్రసంగానికి ఆయన మీదే కేసు నడిచింది. ఆయన తరఫున వాదించింది రాజగోపాలాచారి. కామరాజ్ విషయంలో మాటకే శిక్ష పడింది మాత్రం 1940లో. మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ యుద్ధనిధి వసూలు చేస్తున్నాడు, ఇవ్వొద్దని కామరాజ్ ఊరూరా చెబుతున్నాడు. గాంధీని కలవడానికి వార్ధాకు వెళ్తుంటే దారిలో గుంటూరులో పట్టుకుని, భారత రక్షణ నిబంధనల కింద వేలూరు జైలుకు పంపారు. ఆయన జైల్లో ఉండగానే 1941లో విరుదునగర్ వాసులు ఆయనను మునిసిపల్ ఛైర్మన్‌గా ఎన్నుకున్నారు. విడుదలయ్యాక ఆయన ఆ పదవికి రాజీనామా చేశాడు.

ఆ యుద్ధకాలంలోనే పై కోర్టుల్లో ఒక వాదన మొదలైంది. ప్రజాశాంతికి భంగం కలిగించే స్వభావం, లేదా అలా కలిగించాలన్న ఉద్దేశం ఉంటేనే మాట రాజద్రోహమవుతుందని 1942లో ఫెడరల్ కోర్టు చెప్పింది. 1947లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ మాటను తోసిపుచ్చి పాత అర్థాన్నే నిలబెట్టింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి పిన్హే అనుసరించిన చట్టమే దేశానికి దక్కింది.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాలుగు నెలలకే మద్రాసు ప్రభుత్వం సుప్రీంకోర్టులో ఓడిపోయింది. బొంబాయి నుంచి వచ్చే ‘క్రాస్‌రోడ్స్’ పత్రికను రాష్ట్రంలోకి రాకుండా నిషేధించిన ఉత్తర్వును 1950 మే 26న రొమేశ్ థాపర్ కేసులో కోర్టు కొట్టేసింది. ప్రజాభద్రత అన్న విశాలమైన మాట చెప్పి పత్రిక నోరు కట్టే అధికారాన్ని, వాక్ స్వాతంత్ర్యం మీద ఆంక్షలకు వీలిచ్చే 19(2) అధికరణం ఇవ్వలేదని న్యాయమూర్తి పతంజలి శాస్త్రి తేల్చాడు. మరుసటి ఏడాదే మొదటి సవరణతో పార్లమెంటు ఆ అధికరణంలో ‘ప్రజాశాంతి’ని చేర్చింది. ఆంక్షలు సహేతుకంగా ఉండాలన్న షరతూ ఆ సవరణతోనే వచ్చింది. సహేతుకమంటే ఏమిటో తేల్చిన తీర్పు కూడా మద్రాసు నుంచి వెళ్లిన కేసులోదే. ఆంక్ష స్వభావం, దాని వెనకున్న కారణం, నివారించాల్సిన కీడు తీవ్రత, కాలపరిస్థితులు అన్నీ కలిపి తూచాలని 1952లో వి.జి. రావ్ కేసులో పతంజలి శాస్త్రి చెప్పిన పరీక్షను కోర్టులు ఈనాటికీ వాడుతున్నాయి.

1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 124ఎను కొట్టేయకుండా, హింసకు పురికొల్పే మాటకూ, శాంతికి భంగం కలిగించే ఉద్దేశమో ధోరణో ఉన్న మాటకూ మాత్రమే అది వర్తిస్తుందని అర్థం కుదించింది. 1908లో పక్కన పెట్టిన ప్రశ్న, అంటే మాట వల్ల ఏం జరుగుతుందన్నది, ఇప్పుడు కేసుకు మధ్యలోకి వచ్చింది. తీర్పు పుస్తకంలో మారినంత త్వరగా పోలీసు స్టేషన్లో మారలేదు గనక ఆ సెక్షన్ కింద కేసులు ఆగలేదు. 1963లో పదహారో సవరణ ఆంక్షల జాబితాలో దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను చేర్చింది. ద్రవిడనాడు నినాదం దాని ముఖ్య లక్ష్యం. రెండేళ్లకు హిందీ వ్యతిరేక ఉద్యమం రాష్ట్రాన్ని ఊపేసింది. 1967 ఎన్నికల్లో ఆ ఉద్యమం నుంచి వచ్చిన విద్యార్థి నాయకుడు పి. శ్రీనివాసన్ విరుదునగర్‌లో కామరాజ్‌ను 1,285 ఓట్ల తేడాతో ఓడించాడు. యుద్ధనిధికి ఎదురుచెప్పి జైలుకెళ్లిన నాయకుడిని, అధికార భాషకు ఎదురుచెప్పిన కుర్రవాడు ఆయన సొంత ఊరిలోనే గెలిచాడు.

న్యాయ క్రియాశీలత అనే మాట మన దేశంలో వాడుకలోకి వచ్చింది 1970ల చివర, 80లలో. నేరుగా నష్టపోయినవారే రానక్కర్లేదు, వారి తరఫున ఎవరైనా కోర్టుకు రావచ్చన్న ప్రజాప్రయోజన వ్యాజ్యం దానికి పునాది. ఈ సీమ ఆ మార్పును అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లోనే చూసింది. శివకాశి అగ్గిపెట్టెల పనిలో పిల్లల గురించి ఎం.సి. మెహతా వేసిన పిటిషన్ మీద 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నిషేధించిన పనిలో పెట్టుకున్న ప్రతి బిడ్డకూ యజమాని 20,000 రూపాయలు సంక్షేమ నిధికి కట్టాలని, ఆ ఇంట్లో పెద్దలకు పని చూపాలని, చూపలేకపోతే ప్రభుత్వం 5,000 జమ చేయాలని ఆదేశించింది. శాసనసభ చేయాల్సిన పథకాన్ని కోర్టు రాసిందన్న విమర్శ వచ్చింది. అది తీసిపారేయదగ్గది కాదు. వాక్ స్వాతంత్ర్యం కేసుల్లో మాత్రం ఆ చొరవ వేరే రూపంలో పనిచేసింది. అక్కడ కోర్టు పథకాలు రాయలేదు, రాజ్యాంగంలో పేరుతో లేని హక్కును చదివి చెప్పింది, ప్రభుత్వం చేయి ఎంతదాకా చాపవచ్చో గీత గీసింది.

ఆ గీతల్లో ముఖ్యమైనదానికి పిటిషనరు విరుదునగర్ జిల్లా అరుప్పుకోట్టైలో పుట్టిన ఆర్. రాజగోపాల్. 1988లో మొదలైన తమిళ వారపత్రిక ‘నక్కీరన్’ సంపాదకుడు, ఆ పత్రిక పేరే ఇంటిపేరులా నక్కీరన్ గోపాల్‌గా ప్రసిద్ధుడు. ఆరు హత్యల కేసులో మరణశిక్ష పడ్డ ఆటో శంకర్ చెంగల్‌పట్టు జైల్లో ఆత్మకథ రాశాడు. కొందరు ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకు తన నేరాలతో సంబంధం ఉందని అందులో ఉందన్నది పత్రిక మాట. దాన్ని ధారావాహికగా వేస్తామని ప్రకటించగానే 1994 జూన్‌లో జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ నుంచి లేఖ వచ్చింది. ఆ రచన శంకర్‌ది కాదు, అబద్ధం, ప్రచురణ ఆపకపోతే చట్టపరమైన చర్య తప్పదు అని అందులో ఉంది. గోపాల్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

1994 అక్టోబరు 7న తీర్పు రాసింది న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి ఢిల్లీకి వెళ్లిన తెలుగువాడు. తమిళ వారపత్రిక కేసులో ఆయన రాసిన తీర్పు దేశంలో పత్రికా స్వేచ్ఛకు పునాది రాళ్లలో ఒకటైంది. తమ పరువు పోతుందేమోనన్న భయంతో ప్రచురణను ముందే ఆపే అధికారం ప్రభుత్వానికీ, అధికారులకూ ఏ చట్టమూ ఇవ్వలేదని ఆయన చెప్పాడు. వారికేమైనా దారి ఉంటే అది ప్రచురణ తర్వాతే. ఒంటరిగా ఉండనివ్వమని కోరే హక్కు, అంటే గోప్యత, 21వ అధికరణంలోని జీవించే హక్కులో ఇమిడి ఉందని కూడా ఈ తీర్పే స్పష్టం చేసింది. అయితే కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లో ఉన్న సంగతిని ఎవరి అనుమతీ లేకుండా వేయవచ్చు. లైంగిక దాడికి గురైన స్త్రీ పేరు వంటివి దీనికి మినహాయింపు. అధికారి తన ఉద్యోగ నిర్వహణ మీద వచ్చిన రాతకు నష్టపరిహారం కోరాలంటే, నిజమో కాదో అక్కర్లేదన్నట్టు తెగించి రాశారని రుజువు చేయాలి. 1964 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు, ‘న్యూయార్క్ టైమ్స్’ వర్సెస్ సలివన్, ఈ ఆలోచనకు ఆధారం. ప్రభుత్వ సంస్థ పరువునష్టం దావా వేయజాలదన్న సూత్రం 1993లో బ్రిటన్ ప్రభువుల సభ డార్బీషైర్ కౌంటీ కౌన్సిల్ కేసులో చెప్పినది.

రాజ్యాంగంలో ఎక్కడా అక్షరాల లేని గోప్యతను ఒక తీర్పు హక్కుగా నిలిపింది, అదే తీర్పు పత్రికకు తలుపు తెరిచింది. ఈ రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకునే హక్కులు. వాటి మధ్య గీత ఎక్కడో జీవన్‌రెడ్డి అప్పటికి ఉన్నంత మేరకే గీసి, మిగతాది తర్వాతి కేసులకు వదిలేశాడు. ఆ నిగ్రహమే తీర్పుకు దీర్ఘాయువునిచ్చింది. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ఖరారు చేసినప్పుడు ఆ వాదనకు దారి వేసిన పాత తీర్పుల్లో ఇదీ ఉంది. ఆటో శంకర్‌ను మాత్రం 1995 ఏప్రిల్‌లో సేలం జైల్లో ఉరితీశారు.

రాజగోపాల్ తీర్పుకు ఐదేళ్ల ముందు, 1989లో, తమిళ సినిమా ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ కేసులో సుప్రీంకోర్టు ఇంకో కొలత ఇచ్చింది. రిజర్వేషన్ల మీద తీసిన ఆ చిత్రం సర్టిఫికెట్‌ను మద్రాసు హైకోర్టు రద్దు చేస్తే సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. మాటకూ ప్రమాదానికీ దూరపు, ఊహాజనితమైన సంబంధం చాలదని, మందుగుండు పీపాలో నిప్పురవ్వ పడ్డంత దగ్గరగా ఉండాలని చెప్పింది. అల్లరి చేస్తామని బెదిరించేవారికి లొంగి మాటను ఆపడం ప్రభుత్వ విధి కాదని, ఆ మాటను కాపాడటమే విధి అని కూడా తేల్చింది. బాణసంచా పనివారుండే జిల్లా వాసులకు ఆ ఉపమానం విడమరిచి చెప్పనక్కర్లేదు.

సూత్రం ఎంత గొప్పదైనా అది దొరికే చోటు దూరమైతే సామాన్యుడికి ఉపయోగం తక్కువ. 2004 జూలై 24న మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం మొదలవడం ఈ సీమలో అందుకే పెద్ద మార్పు. కేసు కొట్టేయించుకోవాలంటే అంతకుముందు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్న మద్రాసుకు వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు విరుదునగర్ నుంచి గంట ప్రయాణం, కోవిల్‌పట్టి నుంచి పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

ఆ ధర్మాసనం ముందుకు వచ్చినవారిలో కి. రాజనారాయణన్ ఒకరు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ ఆయన ఊరు, తెలుగు ఇంటి భాష. తెలుగు నేల నుంచి వలస వచ్చిన కుటుంబాల కథను ‘గోపల్ల గ్రామం’గా రాశాడు, దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఒక పత్రిక ఇంటర్వ్యూలో దళితుల గురించి ఆయన వాడిన మాట అవమానకరంగా ఉందని ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసు వచ్చింది. తరతరాలుగా ఏకవచనంతో, ఈసడింపుతో పిలిపించుకున్నవారికి ఆ పిలుపు గాయమే. ఆ ఫిర్యాదును ఉబుసుపోక పెట్టిందనడానికి లేదు. చట్టం మాత్రం అవమానించాలన్న ఉద్దేశం ఉంటేనే నేరమంటుంది. తొంభై దాటిన రచయిత మీద ఉన్న ఆ కేసును హైకోర్టు కొట్టేసింది. 2021 మే 17న ఆయన చనిపోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

2018లో ఈ సీమ మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. సెప్టెంబరులో తూత్తుకుడి విమానంలో, విమానాశ్రయంలో భారతీయ జనతా పార్టీకి వ్యతిరేకంగా ఒక విద్యార్థిని నినాదం ఇచ్చింది. ఆ పార్టీ అప్పటి రాష్ట్ర అధ్యక్షురాలు, తర్వాత తెలంగాణ గవర్నరైన తమిళిసై సౌందరరాజన్ ఫిర్యాదు చేశారు. విద్యార్థినిని అరెస్టు చేశారు, మరునాడు బెయిలు వచ్చింది. కేసును మదురై ధర్మాసనం 2023 ఆగస్టులో కొట్టేసింది. ఒక నినాదం నేరం కాదని తేలడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది. ఆమె గెలిచిందన్నది నిజమే, ఆ ఐదేళ్లు ఆమెకు ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు.

2018 అక్టోబరులో అరుప్పుకోట్టై వంతు. అక్కడి దేవాంగ ఆర్ట్స్ కాలేజీ అధ్యాపకురాలు ఒకరు విద్యార్థినులను విశ్వవిద్యాలయ పెద్దల కోసం తప్పుదారికి పిలిచిన ఫోన్ సంభాషణ ఆ ఏడాది బయటపడింది. 2024 ఏప్రిల్‌లో శ్రీవిల్లిపుత్తూరు కోర్టు ఆమెకు పదేళ్ల శిక్ష వేసింది. ఈ వ్యవహారంలో గవర్నరు బన్వరీలాల్ పురోహిత్ పేరు ముడిపెడుతూ ‘నక్కీరన్’ రాసింది. తనకు సంబంధం లేదని గవర్నరు అప్పటికే ఖండించారు. రాజ్‌భవన్ ఫిర్యాదు మీద 2018 అక్టోబరు 9న గోపాల్‌ను చెన్నై విమానాశ్రయంలో అరెస్టు చేశారు. పెట్టింది 124 సెక్షన్. రాష్ట్రపతినో, గవర్నరునో విధి నిర్వహణలో అడ్డుకోవాలని దాడి చేయడం, బలప్రయోగంతో బెదరగొట్టడం దాని కింద నేరం, ఏడేళ్ల వరకు శిక్ష. వార్తాకథనాన్ని దాడిగా చూపించారు. ఎగ్మోర్ మేజిస్ట్రేటు కోర్టులో ‘ది హిందూ’కు చెందిన ఎన్. రామ్ పత్రికల తరఫున మాట్లాడటానికి మేజిస్ట్రేటు అవకాశమిచ్చాడు. వాదనలు విన్న తర్వాత ఆ సెక్షన్ ఇక్కడ వర్తించదని రిమాండ్‌కు నిరాకరించాడు. గోపాల్ ఆ రోజే సొంత పూచీకత్తు మీద బయటికి వచ్చాడు.

ఇది చిన్న కోర్టులో, ఒక్క పూటలో జరిగిన పని కనుక చట్ట పుస్తకాల్లో దీనికి పెద్ద చోటు దొరకదు. ఈ చరిత్రలో మాత్రం ఇదొక మలుపు. చిదంబరం పిళ్లై కేసులో కింది కోర్టు మాటను నేరం చేసింది, పై కోర్టు శిక్ష మాత్రం తగ్గించింది. ఇక్కడ మొదటి మెట్టు మీదున్న మేజిస్ట్రేటే సెక్షన్ చదివి, ఎదుటనున్న సంగతితో పోల్చి, కాదన్నాడు. మాట మీద పెట్టే కేసుల్లో చాలావరకు శిక్ష తీర్పుతో రాదు, అరెస్టుతోనూ రిమాండుతోనూ వస్తుంది. అందుకే ఆ మెట్టు మీద అడిగే ప్రశ్నకు ఢిల్లీలో రాసే సూత్రంతో సమానమైన విలువ ఉంది. రిమాండ్‌ను యాంత్రికంగా ఇవ్వకపోవడం క్రియాశీలత కూడా కాదు, మేజిస్ట్రేటు చేయాల్సిన మామూలు విధి.

తర్వాత రెండు పరిణామాలు ఈ వరసలో చేరతాయి. ముఖ్యమంత్రి జయలలిత హయాంలో ప్రభుత్వం తరఫున సంపాదకుల మీద వేసిన క్రిమినల్ పరువునష్టం కేసుల్లో కొన్నింటిని 2020 మే 21న మద్రాసు హైకోర్టు కొట్టేసింది. పిటిషనర్లలో ఎన్. రామ్, నక్కీరన్ గోపాల్ ఉన్నారు. వ్యక్తికి కలిగిన నొప్పిని రాజ్యానికి జరిగిన నష్టంగా చూపించి ప్రభుత్వ వకీలు చేత కేసు నడిపించకూడదన్నది అందులో ముఖ్యాంశం. 2016లోనే సుప్రీంకోర్టు క్రిమినల్ పరువునష్టం చట్టాన్ని రాజ్యాంగబద్ధమేనని నిలబెట్టింది కనుక, ప్రైవేటు వ్యక్తులు వేసే కేసుల దారి తెరిచే ఉంది.

రెండోది 124ఎ సెక్షన్ గతి. 2022 మే 11న సుప్రీంకోర్టు దాని కింద నడుస్తున్న కేసులన్నిటినీ నిలిపి, కొత్తవి పెట్టరని ఆశిస్తున్నట్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో రాజద్రోహం అన్న పేరు లేదు. 152వ సెక్షన్ మాత్రం వేర్పాటును, సాయుధ తిరుగుబాటును, విచ్ఛిన్న చర్యలను రేపే, లేదా వేర్పాటు భావాలను ప్రోత్సహించే, దేశ సమగ్రతకు ముప్పు తెచ్చే మాటను, రాతను, ఎలక్ట్రానిక్ సందేశాన్ని నేరమంటుంది. గరిష్ఠ శిక్ష యావజ్జీవం. ప్రభుత్వ చర్యల మీద చట్టబద్ధమైన విమర్శకు అందులో వివరణ రూపంలో మినహాయింపు ఉంది. 1898 నాటి 124ఎలోనూ అలాంటి వివరణ ఉండేది. తిరునెల్వేలిలో అది చిదంబరం పిళ్లైని కాపాడలేదు.